కార్ఖానాల చుట్టరికము

అంగడిలో ఒక చొక్కా కొనునపుడు దాని వెలను, రంగును, నేతను చూతుము గాని, అది మన చేతికి వచ్చులోపల ఎన్ని చేతులు మారెనో తలపోయము. ప్రత్తి పండించిన రైతు, గింజ తీసిన మిల్లు, నూలు వడికిన మిల్లు, గుడ్డ అల్లినవారు, చలువ చేసినవారు, రంగు అద్దినవారు, కత్తిరించి కుట్టినవారు, బొత్తాములు చేసినవారు, పెట్టెలలో సర్ది లారీల కెత్తినవారు, ఇందరు కలసిన గాని ఒక చొక్కా పూర్తి కాదు. మోటారుకారు సంగతి చెప్పనే అక్కరలేదు. చిన్న మరమేకులతో సహా లెక్కించినచో ఒక కారులో సుమారు 30,000 విడి భాగము లుండును. వానిలో కారు కంపెనీ స్వయముగా చేయునవి కొన్నియే. తక్కినవన్నియు ఇతర కంపెనీలనుండి రావలయును. ఇట్లు ఒకరి సరుకు మరొకరికి ముడిసరుకై సాగిపోవు వరుసను సరఫరా గొలుసు అందురు.

ఒకే విధమైన యంత్రములు, ఒకే ధరకు ఉక్కు, ఇంచుమించు ఒకే కూలి గల రెండు కంపెనీలలో ఒకటి పోటీలో ముందునకు పోవుటకును, రెండవది వెనుకబడుటకును కారణమేమి? ఈ ప్రశ్నకు పూర్వపు ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము సులభమైనది. ఎవరు చౌకగా కొని చౌకగా చేయుదురో వారిదే గెలుపు. కొనువాడును అమ్మువాడును ఒకరికొకరు ముఖపరిచయము లేనివారైనను బాధలేదు. ధర కుదిరిన చాలును. 1985లో మార్క్ గ్రానోవెటర్ అను అమెరికా సంఘశాస్త్రజ్ఞుడు ఈ అభిప్రాయమును ప్రశ్నించెను. వ్యాపారము సంఘసంబంధములలో వేరుపాతుకొని యున్నదనియు, ఎవరిని ఎవరెరుగుదురు, ఎవరి మాటను ఎవరు నమ్ముదురు అనుదానినిబట్టియే అది నడచుచున్నదనియు ఆయన వాదించెను. 1998లో జెఫ్రీ డయ్యర్, హర్బీర్ సింగ్ అను ఇరువురు పండితులు మరియొక అడుగు వేసి, ఒక కంపెనీకి పోటీలో పైచేయి నిచ్చు వనరులు దాని నాలుగు గోడల లోపలనే ఉండనక్కరలేదనియు, ఇతర కంపెనీలతో దానికిగల సంబంధములయందును ఉండవచ్చుననియు వ్రాసిరి. ఈ సంగతిని కన్నులకు కట్టినట్లు చూపిన ఘటన ఒకటి అంతకు ముందటి సంవత్సరమే జపానులో జరిగెను. దానిని కొంచెము వివరముగా తెలిసికొందము.

కరియాలో నిప్పు

జపాను దేశమున ఐచి మండలములో కరియా అను పట్టణము కలదు. టొయోటా కంపెనీకి పుట్టినిల్లని చెప్పదగిన ప్రాంతమది. ఆ కుటుంబపు తొలి వ్యాపారము కార్లు కావు, మగ్గములు. దారము తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోవు మగ్గమును సకిచి టొయోడా రూపొందించెను. ఆ మగ్గముల కంపెనీలో పుట్టిన మోటారు శాఖ 1937లో వేరు కంపెనీ అయ్యెను. ఈ కరియాలోనే ఐసిన్ సెయికి అను కంపెనీ టొయోటాకు బ్రేకు భాగములు చేసి యిచ్చుచుండెను.

ఆ భాగములలో ఒకదానికి పి-వాల్వు అని పేరు. అది పిడికిలిలో ఇమిడిపోవునంత చిన్నది. బ్రేకు త్రొక్కినపుడు వెనుక చక్రములకు చేరు ఒత్తిడిని అదుపులో నుంచి, బండి జారిపోకుండ కాపాడుట దాని పని. వెల స్వల్పమే గాని అది లేనిదే కారు కార్ఖానా గడప దాటరాదు. టొయోటాకు కావలసిన పి-వాల్వులలో నూటికి 99 వంతులు ఐసిన్ ఒక్కటియే, అదియు ఒక్క కార్ఖానాలోనే చేయుచుండెను. ఒకే చోట పెద్ద ఎత్తున చేసినచో చౌక యగుననియు, నాణ్యము చెడదనియు వారి నమ్మకము.

1997 ఫిబ్రవరి 1వ తేదీ శనివారము తెల్లవారుజామున 4 గంటల 18 నిమిషములకు ఆ కార్ఖానాలో నిప్పంటుకొనెను. తొమ్మిది గంటలు కొట్టులోపలనే వాల్వులు చేయు వరుసలన్నియు బూడిద యయ్యెను. ఆ పనికొరకే ప్రత్యేకముగా తయారుచేయించిన యంత్రములు 500 వరకు పాడైపోయెను. వానివంటివి తిరిగి తెప్పించుటకు నెలలు పట్టును.

టొయోటా చేతిలోనున్న నిల్వ రెండు మూడు దినములకు మించదు. సరుకును గిడ్డంగులలో పేర్చి పెట్టుట దండుగయనియు, కావలసిన వేళకు కావలసినంతయే రావలయుననియు ఆ కంపెనీ పద్ధతి. ఆ పద్ధతివలన కలిగిన లాభము లోకప్రసిద్ధము. దానిలోని అపాయ మానాడు బయటపడెను. పైగా అది తీరికలేని కాలము. ఏప్రిలు 1వ తేదీనుండి జపానులో అమ్మకపు పన్ను 3 నుండి 5 పాళ్లకు పెరుగనుండెను గావున జనులు ముందుగానే కార్లు కొన తొందరపడుచుండిరి. టొయోటా దినమునకు 15,000 పైచిలుకు బండ్లు తయారుచేయుచుండెను. ఫిబ్రవరి 4, 5 తేదీలనాటికి దాని కార్ఖానాలు దాదాపు అన్నియు ఆగిపోయెను. కారు ఆగిన టైర్లు చేయువా డాగవలయును, అద్దములు చేయువా డాగవలయును, లారీవా డాగవలయును. ఒక చిన్న వాల్వు వేలకొలది కార్ఖానాలను ఊపిరాడనీయలేదు.

అందరును కలసి పట్టిన పని

నిప్పు ఆరకముందే ఐసిన్ వారు ఒక గదిలో కార్యస్థానము నేర్పరచి, అదనపు టెలిఫోనులను, రాత్రులు అక్కడనే పండుకొనుటకు నిద్రసంచులను తెప్పించుకొని, తెలిసిన కంపెనీల కన్నిటికి కబురు చేసిరి. వాల్వుల నమూనాచిత్రములు అడిగినవారికెల్ల పంపబడెను. అవి సామాన్యముగా ఏ కంపెనీయు గడప దాటనీయని రహస్యములు. ఆనాడు ఎవరును వానిని దాచలేదు.

62 కంపెనీలు వాల్వులు చేయుటకు పూనుకొనెను. వారికి సాయపడిన చిన్న కార్ఖానాలను గూడ కలిపినచో 200 మించినవి. వీరిలో పలువురు అంతకు పూర్వ మెన్నడును ఆ భాగమును చేసినవారు కారు. ప్రత్యేక యంత్రములు లేవు గావున ఎవరివద్ద నున్న సాధారణ యంత్రములనే వారు మలచుకొనవలసివచ్చెను. కారు భాగముల నెరుగని కుట్టుమిషనుల కంపెనీ యొకటి, తన యంత్రమును మార్చుకొనుటకు సుమారు 500 పనిగంటలు వెచ్చించి, దినమునకు 40 వాల్వులు మాత్రమే చేయగలిగెను. లెక్క చూచినచో అది నష్టపు బేరము. అయినను చేసెను.

నిప్పంటుకొన్న 85 గంటలకు క్యోరిత్సు సాంగ్యో అను చిన్న కంపెనీనుండి మొదటి మంచి వాల్వులు వచ్చెను. 6వ తేదీన టొయోటా కార్ఖానాలు కొన్ని తిరిగి తెరువబడెను. 10వ తేదీ సోమవారమునకు దినమునకు 13,000 బండ్లకు పైగా తయారగుచుండెను. మరియొక వారమునకు మునుపటి లెక్క చేరెను.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ పనికి పూనుకొన్నవారెవ్వరును ముందుగా వెల ఎంత యని అడుగలేదు. కరారు వ్రాయలేదు. నష్టమైనచో ఎవరు భరింపవలయునని పేచీపెట్టలేదు. పని ముగిసిన పిమ్మట ఐసిన్ వారు ఆయా కంపెనీల ఖర్చులను చెల్లించిరి. టొయోటావారు తమకు నేరుగా సరుకు పంపు కంపెనీల కన్నిటికి, ఆ సంవత్సరము జనవరినుండి మార్చివరకు తమకు అమ్మిన సరుకు విలువపై నూటికి ఒక వంతు చొప్పున కృతజ్ఞతగా ఇచ్చిరి. ఆ సొమ్ము పుచ్చుకొన్నవారిలో పలువురు తమకు సాయపడిన చిన్న కార్ఖానాలకు అదే రీతిగా పంచిరి. ముందుగా సాయము, తరువాత లెక్క. ఈ వరుస తారుమారై, ముందుగా లెక్కకే కూర్చుండియున్నచో ఆ 85 గంటలును బేరసారములకే చాలియుండెడివి కావు.

ఈ నమ్మక మెట్లు కుదిరెను?

ఇది ఆపద వేళ ఒక్కసారిగా పుట్టిన ఔదార్య మనుకొనుట పొరపాటు. 1943 నాటికే టొయోటాకు సరుకు పంపు కంపెనీలు క్యోహోకై అను సంఘముగా ఏర్పడియుండెను. నాణ్యము, ఖర్చు, పనివారి క్షేమము మొదలగు విషయములు ఆ సంఘపు కూటములలో చర్చింపబడుచుండెను. సరఫరాదారుల ఇంజనీర్లు నెలలతరబడి, కొందరు సంవత్సరములతరబడి, టొయోటా కార్యాలయములలోనే కూర్చుండి క్రొత్త బండ్ల నమూనాలు గీయుటలో పాలుపంచుకొనుచుండిరి. 1970 తరువాతి సంవత్సరములనుండి కొన్ని కంపెనీలు జట్లుగా చేరి, ఒకరి కార్ఖానాను మరొకరు పరిశీలించి, అందలి లోపములను దిద్దు అలవాటు స్థిరపడెను. టొయోటా నిపుణులు వచ్చి ఉచితముగా మెలకువలు నేర్పుదురు. అట్లు నేర్చుకొన్నవాడు తన కార్ఖానా తలుపులు ఇతరులకు తెరచి చూపవలయును. నేర్చినదానిని దాచుకొనువానికి ఆ జట్టులో చోటు లేదు.

ఇట్లు ఏండ్లతరబడి కలసి పనిచేసినందున, ఎవరివద్ద ఏ యంత్రమున్నదో, ఏ కార్మికునికి ఏ పని చేతనగునో, ఎవరి మాట నిలకడగలదో అందరికిని తెలిసియుండెను. నిప్పుపడిన దినమున ఐసిన్ వారు టెలిఫోను తీసినపుడు అవతల పలికినది పరిచయమైన కంఠము. స్వార్థము లేదనుటయు సత్యము కాదు. టొయోటా ఆగినచో తామును ఆగవలయునని ప్రతివాడును ఎరుగును. నేడు చేసిన సాయము రేపు ఆర్డరు రూపమున తిరిగి వచ్చుననియు ఎరుగును. అయితే రేపటి ఫలమును నమ్మి నేడు ఖర్చుపెట్టగలుగుటయే నమ్మక మనునది.

నమ్మకము ధనమగు విధము

బ్రయన్ ఉజ్జీ అను పండితుడు 1990 తరువాతి సంవత్సరములలో న్యూయార్కు నగరమునందలి స్త్రీల దుస్తుల కార్ఖానాలను పరిశీలించెను. ఆ వ్యాపారులు తమ సంబంధములను రెండు విధములుగా చెప్పుకొనుచుండిరి. కొన్ని బేరమువరకే పరిమితమైనవి, కొన్ని ఆత్మీయమైనవి. ఆత్మీయ సంబంధములలో ఆయనకు మూడు గుణములు కనబడెను. మొదటిది విశ్వాసము: అవతలివాడు తన అవసరమును సందుచేసికొని దోచుకొనడను నిశ్చయము. రెండవది లోతైన సమాచారము: రేపటి మోస్తరేమి, ఏ గుడ్డ ఎట్లు ముడుచుకొనును మొదలగు, కాగితముపై వ్రాయ వీలులేని సంగతులు. మూడవది చిక్కులను కలసి విడదీయుట: తప్పు ఎవరిదను వాదమునకు ముందు తప్పు దిద్దుటకు పూనుకొనుట.

ఉజ్జీ చెప్పిన ఉదంత మొకటి ఆలోచింపదగినది. ఒక దుస్తుల వ్యాపారి తన పనిని ఆసియాకు తరలింప నిశ్చయించుకొనెను. ఈ వార్త ముందుగా పొక్కినచో కుట్టుపనివారు శ్రద్ధ తగ్గింతురు. కనుక దాచుటయే అతనికి లాభము. అయినను తనకు ఆత్మీయులైన కార్ఖానాదారులకు అతడు ముందుగా చెప్పి, వారు వేరు దారి చూచుకొనుటకు వ్యవధి నిచ్చెను. వారును చివరి దినమువరకు నాణ్యము చెడనీయక పనిచేసిరి. బేరమువరకే సంబంధమున్నవారికి మాత్ర మతడు చెప్పలేదు.

నమ్మకము లేనిచోట ఖర్చు పెరుగును. ఏలయన, ప్రతి మాటకు కాగితము, ప్రతి కాగితమునకు వకీలు, ప్రతి పెట్టెకు పరీక్షకుడు కావలసివత్తురు. డయ్యర్, చూ అను పండితులు అమెరికా, జపాను, కొరియా దేశములలో కారు కంపెనీలకును సరఫరాదారులకును నడుమనున్న 344 సంబంధములను పరిశీలించి 2003లో ఫలితములను ప్రకటించిరి. అందరికన్న తక్కువ నమ్మకము పొందిన కారు కంపెనీకి కొనుగోలు వ్యవహారపు ఖర్చు, అందరికన్న ఎక్కువ నమ్మకము పొందినదానికంటె 5 రెట్లుండెనట. నమ్మకమున్నచోట సరఫరాదారులు సమాచారమునుగూడ ఎక్కువగా పంచుకొనుచుండిరి. నమ్మక మనునది పద్దుపుస్తకములో కనబడకున్నను, దాని లేమి మాత్రము ఖర్చు పద్దులో తప్పక కనబడును.

అమెరికాలో రెండు పెద్ద కంపెనీల చరిత్ర దీనికి నిదర్శనము. 1992లో జనరల్ మోటార్సు కంపెనీ ఉన్న కరారులను తిరుగదోడి, సరఫరాదారులను మరల మరల పోటీ బేరములకు దింపి ధరలు తగ్గించెను. చాల సొమ్ము మిగిలెను. కాని క్రొత్త ఆలోచన తట్టిన సరఫరాదారు దానిని మొదట ఇతర కంపెనీలకు చూపుట కారంభించెను. ఆ సంవత్సరములలోనే క్రైస్లర్ కంపెనీ వేరు దారి పట్టెను. ఖర్చు తగ్గించు ఉపాయము చెప్పుడు, మిగిలినదానిలో మీకును పాలు కలదు, అని సరఫరాదారులను పిలిచెను. ఉపాయములు వేలకొలది వచ్చెను, కంపెనీ కోలుకొనెను. అయితే 1998లో క్రైస్లర్ జర్మనీదేశపు డైమ్లర్ కంపెనీతో కలసిపోయెను. నష్టములు రాగా, 2001 జనవరి 1వ తేదీనుండి సరఫరాదారులందరును ధరలను నూటికి 5 వంతులు తగ్గింపవలయునని తాఖీదు పంపెను. ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు, పది సంవత్సరములు పెంచిన నమ్మకమును ఒక్క కాగితముతో కాల్చుకొనెను. యంత్రము పాడైన క్రొత్తది కొనవచ్చును. నమ్మకమును కొనుటకు అంగడి లేదు.

చుట్టరికమునందలి దోషములు

ఇంతవరకు ఒక ప్రక్కయే చెప్పితిమి. చుట్టరికము మితిమీరినచో అదియే మెడకు ఉరియగును. ఉజ్జీ పరిశోధనలో తేలిన ముఖ్య విషయము గూడ ఇదియే. ఆత్మీయ సంబంధములు కొంతవరకు కార్ఖానాను నిలబెట్టును. అన్నియు ఆత్మీయ సంబంధములే యైనచో క్రొత్త గాలి రాదు, క్రొత్త వార్త రాదు, కొంపలు మునుగుచున్నను పాతవారిని విడువలేము. రెండు విధముల సంబంధములను తగుపాళ్లలో కలుపుకొన్నవారే ఎక్కువ కాలము నిలిచిరి.

జపానులోని నిస్సాన్ కంపెనీ ఇందుకు ఉదాహరణము. పాత చుట్టరికముల కారణముగా అది వందలకొలది కంపెనీలలో వాటాలు పెట్టుకొని, వారి సరుకునే కొనుచుండెను. వారు చౌకగా చేయుటకు ప్రయత్నింపనక్కరలేకపోయెను. అప్పులలో మునిగిన ఆ కంపెనీ 1999లో వాటాలను చాలవరకు అమ్మివేసి, సరఫరాదారుల సంఖ్యను సగము చేసి, కొనుగోలు ఖర్చును మూడు సంవత్సరములలో నూటికి 20 వంతులు తగ్గించుటకు పూనుకొని గాని బ్రతికి బయటపడలేదు. అదే దేశము, అదే ఆచారము. ఒకచోట చుట్టరికము నేర్పు నేర్పెను, మరొకచోట బద్ధకము నేర్పెను.

మనకు దగ్గరనున్న తిరుప్పూరు చూడుడు. బనియనులకును అల్లిక దుస్తులకును అది దేశమున పేరుపడిన పట్టణము. అక్కడ అల్లిక ఒకరిది, చలువ ఒకరిది, అద్దకము ఒకరిది, కుట్టు ఒకరిది. పరిచయమే వారి పెట్టుబడి. అభిజిత్ బెనర్జీ, కైవాన్ మున్షీ అను పండితులు 2004లో ప్రకటించిన పరిశోధనలో, స్థానిక వర్గమువారికి బంధుమిత్రులనుండి పెట్టుబడి ధారాళముగా దొరకుచుండగా, బయటినుండి వచ్చినవారు తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టియు, కొన్ని సంవత్సరములలో ఎగుమతులలో వారిని దాటిపోవుచుండిరని తేల్చిరి. చుట్టరికము సొమ్మును చుట్టముల ఇంటికే పంపును. సమర్థుడైన పరాయివాని ఇంటికి పంపదు.

అంతకన్న పెద్ద దోష మొకటి కలదు. గొలుసులోనివారు తమలో తాము ఎంత స్నేహముగా నున్నను, గొలుసు బయటనున్నవారిని మరచిపోవుట సులభము. తిరుప్పూరు అద్దకపు నీరు నొయ్యలు నదిలో కలసి, దిగువనున్న రైతుల పొలములు, బావులు చెడిపోయెను. ఆ రైతులు ఏ వ్యాపారికిని సరఫరాదారులు కారు, ఏ సంఘములోను సభ్యులు కారు. వారు న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆజ్ఞవలన 700 పైచిలుకు అద్దకపు, చలువ కార్ఖానాలు మూతపడెను. కుట్టుపనివారివరకు గొలుసంతయు కుంటుపడెను. నదితోడను, రైతుతోడను గల సంబంధము గూడ వ్యాపార సంబంధమే యని ఆ తీర్పు తెలియజెప్పెను.

టొయోటా సైతము అన్నిటికి అతీతము కాలేదు. 2011 మార్చి 11వ తేదీ భూకంపములో రెనెసాస్ కంపెనీ వారి చిప్పుల కార్ఖానా దెబ్బతిన్నపుడు కారు కంపెనీలు, యంత్రముల కంపెనీలు పంపిన మనుష్యులు ఒక్కొక్క దినము 2,500 మందివరకు చేరి దానిని నిలబెట్టిరి. సెప్టెంబరులో తిరుగునని మొదట అనుకొన్న కార్ఖానా జూనులోనే తిరిగెను. అయినను 2021 సెప్టెంబరులో, చిప్పుల కొరతవలనను, ఆగ్నేయాసియాలో కోవిడు వ్యాధివలనను, టొయోటా తన ప్రపంచ ఉత్పత్తిని అనుకొన్నదానికంటె సుమారు 40 వంతులు తగ్గించుకొనవలసివచ్చెను. స్నేహము నిప్పునుండి లేవదీయగలదు గాని, దేశదేశముల వ్యాధిని ఆపలేదు. కావున స్నేహమును ఉండవలయును, నిల్వయు కొంత ఉండవలయును, రెండవ సరఫరాదారుడును ఉండవలయును.

మన ప్రాంతమునకు ఇందు పాఠమేమి?

హోసూరు చుట్టుప్రక్కల నివసించు తల్లిదండ్రులకు ఈ విషయము దూరపు కథ కాదు. హోసూరులో అశోక్ లేలాండ్, టి.వి.ఎస్. మోటార్, టైటాన్ కంపెనీల కార్ఖానాలు కలవు. వానిని నమ్ముకొని భాగములు చేయు చిన్న కార్ఖానా లనేకము. అందు లేతు త్రిప్పువాడును, అచ్చులు పోయువాడును, లెక్కలు వ్రాయువాడును మన ఇరుగుపొరుగువారే. టొయోటా కంపెనీ సైతము 1999నుండి బెంగుళూరు మైసూరు దారిలోని బిడదిలో కార్లు తయారుచేయుచున్నది. కోయంబత్తూరులో పలుతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు మిల్లుల స్థాపనలో ముందు నడచినవి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించెను. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలసి 1937లో దేశములో మొదటి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేసిరి. మిల్లులకు మరమ్మతులు చేయువారు, పోతపోయువారు, మోటారులు చేయువారు, పంపులు చేయువారు ఒకరి పని నొకరు చూచి నేర్చుకొనుచు ఆ పట్టణమును పారిశ్రామిక నగరముగా చేసిరి.

చిన్న కార్ఖానాదారున కొక హెచ్చరిక. పెద్ద కంపెనీతో స్నేహమనగా అది చెప్పినంతకాలము సొమ్ముకొరకు కాచుకొనియుండుట కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ, చిన్న సంస్థల సరుకు పుచ్చుకొన్నవాడు ఒప్పుకొన్న గడువులోపల సొమ్ము చెల్లింపవలయును. ఆ గడువు 45 దినములకు మించరాదు. మించినచో బ్యాంకు రేటునకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ ఈయవలసియుండును. ఈ హక్కు పొందగోరువారు తమ సంస్థను చట్టప్రకారము నమోదు చేయించుకొనవలయును. బలవంతునకును బలహీనునకును నడుమ స్నేహము నిలువవలెనన్న చట్టము వెనుక నుండవలయును. ఐసిన్ వారు ముందుగా సాయము పొందిరి గాని, తరువాత లెక్క తీర్చుట మరువలేదు. లెక్క తీర్చని పెద్దకు రెండవసారి సాయము దొరకదు.

విద్యార్థులారా, మన సరిహద్దు ప్రాంతమున సామాన్యుడు గూడ ఇంట తెలుగు, అంగడిలో తమిళము, బస్సులో కన్నడము మాటలాడును. దీనిని మనము గొప్పగా ఎంచుకొనము. తెలుగు చదువు పనికి వచ్చునా యని కొందరు తల్లిదండ్రులు సంశయించుచున్నారు. వారి సంశయము నిష్కారణము కాదు. తెలుగు ఒక్కటియే వచ్చినవానికి ఈ ప్రాంతమున తలుపులు కొన్నియే తెరచుకొనును. అయితే భాష మాటలాడుకొనుటకు మాత్రమే కాదు, నమ్మించుటకును నమ్ముటకును సాధనము. చిత్తూరునుండి సరుకు తెచ్చు వ్యాపారితో అతని నుడికారములో, క్రిష్ణగిరి కార్యాలయములో తమిళములో, బెంగుళూరు కంపెనీలో కన్నడములో లేదా ఇంగ్లీషులో తడబడక మాటలాడగలవాడు మూడు గొలుసులను కలుపు కొక్కెమగును. తల్లిభాషలో స్పష్టముగా ఆలోచించి వ్రాయనేర్చినవానికి తక్కిన భాషలు పట్టుబడుట సులభము. కనుక తెలుగును విడువక, తమిళమును, కన్నడమును, ఇంగ్లీషును శ్రద్ధతో నేర్చుకొనుడు.

మరియొక మాట. నమ్మకము కార్ఖానాలో మొదలుకాదు. పుచ్చుకొన్న పుస్తకమును చెప్పిన దినమున తిరిగి ఇచ్చుట, జట్టుగా చేయు పనిలో తన వంతు తాను చేయుట, తెలిసిన లెక్కను తెలియని తోటివానికి చెప్పుట, తప్పు జరిగినపుడు ముందు దిద్ది పిమ్మట విచారించుట, ఇవి పాఠశాలలో అలవరచుకొనవలసినవి. ఆ 85 గంటలలో జపాను కార్మికులు చూపిన సామర్థ్యమంతయు ఇట్టి చిన్న అలవాట్లు పెరిగి పెద్దవైనదే. రేపు మీలో కొందరు కార్ఖానాలలో పనిచేయుదురు, కొందరు వానిని నడుపుదురు. ఆపద వచ్చిన తెల్లవారుజామున మీరు ఎవరికి టెలిఫోను చేయగలరో, ఎవరు మిమ్ములను నమ్మి టెలిఫోను చేయుదురో, దానిని ఈ సంవత్సరములే నిర్ణయించును.